ఒంటరిగా ఎడారికి: ఏ నెల, ఏ బండి, ఏ చోటు

ఏటా అక్టోబరు వచ్చేసరికి నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, నేనొక్కదాన్నే ఆర్‌వీ తీసుకుని అరిజోనా ఎడారి తిరిగి రావాలనుకుంటున్నా. వ్యాన్ తీసుకోనా, పెద్ద బండి తీసుకోనా?" అని అడుగుతారు. ఆర్‌వీ అంటే లోపలే పడుకుని, వండుకునే వీలున్న ఇల్లులాంటి బండి. ఈమధ్య అబ్బాయిలు కూడా అడుగుతున్నారు. నేను అరిజోనాలో, ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో ఉంటాను. ఆరేళ్ళుగా ప్రతి చలికాలం కనీసం రెండుసార్లు ఒంటరిగా ఎడారికి వెళ్ళొస్తున్నాను కాబట్టి నా దగ్గరికి వస్తారు. వాళ్ళు బండి గురించి అడుగుతారు, నేను నెల గురించి అడుగుతాను. నెల తేలితే చోటు తేలుతుంది, చోటు తేలితే బండి దాదాపు తేలిపోతుంది.

ఈ మూడింటికీ నేను వాడే గీటురాయి ఒకటే. రెండో మనిషి లేకపోతే ఏ పని ఆగిపోతుంది? ఇద్దరు వెళ్ళినప్పుడు సర్దుకుపోయే విషయం, ఒక్కరే వెళ్ళినప్పుడు రాత్రంతా టెన్షన్ పెడుతుంది. కింద రాసినదంతా ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

ముందు నెల

నవంబరు మొదలు మార్చి చివరి దాకా వెళ్ళండి. ఏప్రిల్, అక్టోబరు ఫరవాలేదు. మే నుంచి సెప్టెంబరు దాకా తక్కువ ఎత్తులో ఉన్న ఎడారికి ఒంటరిగా వద్దు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

రెంటచింతల, రామగుండం ఎండలు చూసినవాళ్ళం, మాకు ఇదొక లెక్కా అని చాలామంది అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. మన కోస్తాలో ఉక్కపోతకు జాకెట్టు తడిసిపోతుంది, నీళ్ళు తాగమని ఒళ్ళే చెబుతుంది. ఇక్కడి గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పట్టినట్టే తెలియదు, పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. సాయంత్రం బట్టల మీద తెల్లటి ఉప్పు చారలు చూస్తే గానీ ఎంత నీరు పోయిందో అర్థం కాదు. ఈలోపు తల తిరగడం, వికారం మొదలవుతాయి. పక్కన ఇంకొకరుంటే "ఏంటలా ఉన్నావు?" అని అడుగుతారు. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ మాట అడిగేవాళ్ళుండరు. కాలిఫోర్నియా ఎడారిలో ఉన్న డెత్ వ్యాలీలోని ఫర్నెస్ క్రీక్‌లో 1913 జులై 10న 56.7 డిగ్రీలు నమోదైంది. అంత కాకపోయినా జులైలో అక్కడ 48, 49 మామూలే.

ఏసీ ఉంది కదా అంటారు. ఆర్‌వీ పైకప్పు మీద ఉండే ఏసీ నడవడానికి దాదాపు 1,500 వాట్లు కావాలి. అద్దె వ్యాన్‌లలో తరచూ కనిపించే 100 ఆంప్ అవర్ల లిథియం బ్యాటరీలో ఉండేది సుమారు 1,280 వాట్ అవర్లు. అంటే గంట కూడా రాదు. జనరేటర్ గానీ, కరెంటు కనెక్షన్ ఉన్న క్యాంప్‌గ్రౌండ్ గానీ లేకుండా వేసవిలో ఏసీ మాటే లేదు. అదే బ్యాటరీతో చలికాలంలో చిన్న ఫ్రిజ్, లైట్లు, ఫ్యాన్, ఫోన్ చార్జింగ్ రెండు రోజులు హాయిగా నడుస్తాయి. పైన 200 వాట్ల సోలార్ ప్యానెల్ ఉంటే ఇక దిగులే లేదు.

వేసవి చివర ఇంకో ప్రమాదముంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 దాకా ఇక్కడ రుతుపవన కాలంగా లెక్కేస్తారు. మీ తల మీద ఆకాశం నీలంగా ఉన్నా, మైళ్ళ దూరంలో కురిసిన వాన వాగుల్లోంచి గోడలా వచ్చి మీద పడుతుంది. 1997 ఆగస్టు 12న పేజ్ ఊరి దగ్గర లోయర్ యాంటిలోప్ కాన్యన్‌లో 11 మంది అలాగే కొట్టుకుపోయారు. వాళ్ళున్న చోట పెద్ద వాన లేదు. ఏ కాలంలో వెళ్ళినా సరే, ఇసుక మెత్తగా, చదునుగా ఉందని వాగులో బండి ఆపొద్దు. ఇక్కడి వాళ్ళు దాన్ని వాష్ అంటారు.

చలికాలమంటే వెచ్చగా ఉంటుందని కూడా అనుకోవద్దు. పగలు 20 డిగ్రీలున్న చోటే తెల్లవారుజామున నాలుగైదుకు పడిపోతుంది. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు 7,000 అడుగుల ఎత్తులో ఉంటుంది, జనవరిలో అక్కడ మంచు. అరిజోనా కదా అని రెండూ ఒకే ట్రిప్‌లో పెట్టుకుంటే నీళ్ళ పైపులు గడ్డకట్టే అవకాశముంది. మొదటిసారికి గ్రాండ్ కాన్యన్‌ను పక్కన పెట్టండి.

బండి: నాలుగు రకాలు, ఒక పరీక్ష

రాత్రి రెండింటికి బయట ఏదో చప్పుడైంది. ఎవరో తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. మంచం మీంచి లేచి, తలుపు తీయకుండా డ్రైవర్ సీట్లో కూర్చుని బండి తీసుకుని వెళ్ళిపోగలరా? క్యాంపర్ వ్యాన్‌లో వెళ్ళగలరు. క్లాస్ సీ అనే 19 నుంచి 30 అడుగుల మోటర్ హోమ్‌లోనూ వెళ్ళగలరు. కారు వెనక తగిలించి లాగే ట్రైలర్‌లో కుదరదు. పికప్ ట్రక్కు మీద పెట్టే క్యాంపర్లలో చాలావాటిలో కూడా దిగి చుట్టూ తిరిగి వెళ్ళాల్సిందే. ఆరేళ్ళలో నేను అలా వెళ్ళిపోయింది ఒక్కసారే. చివరికి చూస్తే అది తప్పు దారిలో వచ్చి బండి తిప్పుకుంటున్న ఎవరిదో కారు. అయినా ఆ రాత్రి ఆ వీలు ఉండబట్టే మిగతా రాత్రులన్నీ నిద్రపోగలిగాను.

ట్రైలర్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కొనేవాళ్ళకు అదే చవగ్గా కనిపిస్తుంది. సొంతంగా పెద్ద ఎస్‌యూవీ ఉండి, ఒకే చోట రెండు వారాలు ఉండేవాళ్ళకు ట్రైలర్ మంచిదే. ట్రైలర్‌ను అక్కడే వదిలి కారులో ఊళ్ళోకి, ట్రెయిల్‌కి, అంటే నడకదారికి, వెళ్ళి రావచ్చు. కానీ రివర్స్ చేసేటప్పుడు స్టీరింగ్ కుడికి తిప్పితే ట్రైలర్ ఎడమకు పోతుంది. వెనక నిలబడి "రా, రా, ఆగు" అనే మనిషి లేకుండా, చీకటి పడుతుండగా, రెండు సాగ్వారో అనే పెద్ద కాక్టస్ చెట్ల మధ్య దాన్ని పెట్టడమంటే ప్రతి మూడడుగులకు దిగి చూసి, మళ్ళీ ఎక్కాలి. ఒక స్నేహితురాలి ట్రైలర్‌తో నేను ఒకసారి అలా నలభై నిమిషాలు తిప్పలు పడ్డాను. తెలియని దారిలో ముందుకు వెళ్ళి, తిరగడానికి చోటు లేదని తేలినప్పుడు ఇంకా కష్టం. ఖాళీ పార్కింగ్ స్థలంలో నాలుగు వారాంతాలు ప్రాక్టీస్ చేసే ఓపిక ఉంటేనే ట్రైలర్ వైపు చూడండి.

క్లాస్ సీ అద్దెకు తేలిగ్గా దొరుకుతుంది, మామూలు లైసెన్స్ చాలు. లోపల నిలబడి వంట చేసుకోవచ్చు. స్నానం, టాయిలెట్, జనరేటర్ అన్నీ ఉంటాయి, నీళ్ళ ట్యాంకు పెద్దది. కానీ గ్యాలన్‌కు పది మైళ్ళు కూడా కష్టమే. పైగా పొడవు చాలా దారులను మూసేస్తుంది. దక్షిణ అరిజోనాలో ఆర్గన్ పైప్ కాక్టస్ నేషనల్ మాన్యుమెంట్ అనే రక్షిత ప్రాంతంలోని ఏహో మౌంటెన్ డ్రైవ్‌లోకి 24 అడుగులు దాటిన బండిని రానివ్వరు. డెత్ వ్యాలీలోని ఆర్టిస్ట్స్ డ్రైవ్‌లో 25 అడుగులు హద్దు. 25 అడుగుల బండి తీసుకుంటే మొదటిది పోయినట్టే, రెండోది అంచుమీద ఉన్నట్టు.

నా మొదటి ట్రిప్ అలాంటి బండిలోనే. పడమటి అరిజోనాలోని క్వార్ట్జ్‌సైట్‌లో నీడ కోసం బండి పక్కనుండే ఆనింగ్ అనే గుడ్డ పందిరి తెరిచి, దాన్ని అలాగే వదిలేసి నడకకు వెళ్ళాను. అరగంటలో గాలి లేచింది. పరిగెత్తుకొచ్చేసరికి గుడ్డ తెరచాపలా ఉబ్బి, దాన్ని మోసే ఒక కడ్డీ వంగిపోయి ఉంది. ఒక పక్క పట్టుకుంటే రెండో పక్క ఎగురుతోంది. అవతలి బండిలోంచి ఒక పెద్దావిడ వచ్చి రెండో కొస పట్టుకోబట్టి మూయగలిగాను. రిపేరుకు నా డిపాజిట్ మొత్తం పోయింది. ఎడారిలో గాలి చెప్పి రాదు. ఒంటరిగా ఉన్నప్పుడు ఆనింగ్ కింద మీరు కూర్చుని ఉంటేనే అది తెరిచి ఉండాలి.

ఇక వ్యాన్. ట్రాన్సిట్, ప్రోమాస్టర్, స్ప్రింటర్ లాంటి వాటిని ఇల్లుగా మార్చినవి. మామూలు కారు పట్టే చోట దాదాపుగా పడుతుంది, గ్యాలన్‌కు 15 మైళ్ళు పైనే వస్తుంది, ఊళ్ళో కిరాణా కొట్టు ముందు ఆపుకోవచ్చు. లోపం నీళ్ళు. చాలా వ్యాన్‌లలో ట్యాంకు 20 గ్యాలన్లకు మించదు. తాగడానికి మనిషికి రోజుకు ఒక గ్యాలన్, నడక ఉంటే ఇంకా ఎక్కువ. వంటకూ గిన్నెలకూ పొదుపుగా వాడినా రెండు. అంటే ఆరు రోజుల సరుకు. చిన్న అద్దె వ్యాన్‌లలో టాయిలెట్ ఉండదు. ఈ విషయం బుక్ చేసే ముందే అడగండి, ఎందుకంటే ఎక్కడ ఆగవచ్చో దాన్ని బట్టే ఉంటుంది.

ట్రక్ క్యాంపర్ గతుకుల దారికి అన్నిటికన్నా మంచిది. కానీ ట్రక్కు ఎంత బరువు మోయగలదో లెక్క తెలియాలి. మొదటిసారికి నేను చెప్పను.

ఒంటరిగా వెళ్ళే మొదటి ట్రిప్‌కు నా ఓటు, టాయిలెట్ ఉన్న వ్యాన్‌కే. నడుము నొప్పి ఉన్నవాళ్ళు, రాత్రి రెండు మూడుసార్లు లేచేవాళ్ళు, రెండు వారాలకు పైగా ఉండేవాళ్ళు మాత్రం 19 అడుగుల క్లాస్ సీ చూడండి. ఏది తీసుకున్నా అద్దె ఒప్పందంలో మట్టి రోడ్ల గురించి ఏం రాశారో చదవండి. చాలా సంస్థలు ఒప్పుకోవు. కొన్ని వేసవిలో డెత్ వ్యాలీకే ఒప్పుకోవు.

ఎక్కడ ఆగాలి

ప్రైవేటు ఆర్‌వీ పార్కులో కరెంటు, నీళ్ళు, మురుగు కనెక్షన్ ఉంటాయి, చుట్టూ మనుషులుంటారు. ఎడారి మాత్రం కనిపించదు. నేను వాటిని స్నానానికి, బట్టలుతుక్కోవడానికి వారానికొకసారి వాడతాను.

రెండో కొసన ప్రభుత్వ భూమిలో ఉచితంగా ఉండటం. బీఎల్‌ఎం అనే కేంద్ర భూముల శాఖ చాలా చోట్ల 14 రోజుల దాకా ఎవరినైనా ఉండనిస్తుంది. నీళ్ళుండవు, టాయిలెట్ ఉండదు, రాత్రి చుట్టూ దీపం కూడా కనిపించదు. అంతకన్నా గొప్ప నిశ్శబ్దం నేనెక్కడా వినలేదు. కానీ మొదటి ట్రిప్‌లో వద్దు. ఇసుకలో చక్రం దిగబడితే పార, బోర్డులు, రెండో మనిషి కావాలి.

ఈ రెంటికీ మధ్య ఉన్నదే ఒంటరి వాళ్ళకు సరైన చోటు, కానీ దాని గురించి మనవాళ్ళకు అంతగా తెలియదు. క్వార్ట్జ్‌సైట్ ఊరికి దక్షిణాన లా పోసా అనే పెద్ద మైదానం ఉంది. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా దీర్ఘకాలం ఉండేవాళ్ళ కోసం బీఎల్‌ఎం దాన్ని నడుపుతుంది. నేను కట్టినప్పుడు 14 రోజులకు 40 డాలర్లు, సీజన్ మొత్తానికి 180. తాగునీళ్ళ కుళాయి, బండి మురుగు ట్యాంకులు ఖాళీ చేసుకునే డంప్ స్టేషన్, టాయిలెట్లు ఉన్నాయి. సొంత టాయిలెట్, ట్యాంకులు లేని బండి అయితే ఆ టాయిలెట్లకు 500 అడుగుల లోపే ఆపాలి. వ్యాన్‌లో టాయిలెట్ గురించి అడగమన్నది ఇందుకే. పక్కవాళ్ళకు ఎంత దూరంగా ఉండాలో మీ ఇష్టం. దీపం కనిపించేంత దగ్గర, మాటలు వినపడనంత దూరం నాకు నచ్చుతుంది. జనవరిలో ఒంటరి ప్రయాణికులు ఇక్కడికి పెద్దసంఖ్యలో వస్తారు. ఏళ్ళ తరబడి ఒంటరిగా తిరుగుతున్న డెబ్భై ఏళ్ళ ఆడవాళ్ళు కనిపిస్తారు, అడిగితే ఓపిగ్గా చెబుతారు. నా ఆనింగ్ పట్టుకున్నావిడ వాళ్ళలో ఒకరు.

ఊళ్ళో హై జాలీ సమాధి చూడండి. అమెరికా సైన్యం 1850లలో ఈ ఎడారిలో సరుకులు మోయడానికి ఒంటెలను తెప్పించింది. వాటితో పాటు వచ్చిన హాజీ అలీ పేరును పలకలేక హై జాలీ అన్నారు. 1902లో ఇక్కడే పోయాడు. రాళ్ళతో కట్టిన చిన్న పిరమిడ్, పైన రాగి ఒంటె. పలకరాక పేరు మార్చేసిన మనిషి సమాధి ముందు నిలబడితే, ఆఫీసులో నా పేరును ముక్కలు చేసినవాళ్ళంతా గుర్తొచ్చి కాసేపు అక్కడే ఉండిపోయాను.

నాలుగు చోట్లలో మీకేది

మనుషులు దగ్గర్లో ఉండాలి, నేర్చుకోవాలి అనుకుంటే క్వార్ట్జ్‌సైట్. ఫీనిక్స్ నుంచి ఐ-10 హైవే మీద రెండు గంటలు. దక్షిణాన కోఫా అభయారణ్యంలో పామ్ కాన్యన్ ఉంది, కొండ చీలికలో సహజంగా పెరిగిన తాటిజాతి చెట్లు. నడక చిన్నదే, అక్కడి దాకా వెళ్ళే మట్టి రోడ్డు మాత్రం గతుకులు.

అందమే కావాలంటే ఆర్గన్ పైప్. ట్విన్ పీక్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో 208 స్థలాలు. కరెంటు కనెక్షన్ లేదు, నీళ్ళు, డంప్ స్టేషన్ ఉన్నాయి. జనరేటర్‌కు రోజులో కొన్ని గంటలే అనుమతి, అందుకే రాత్రి నిశ్శబ్దంగా ఉంటుంది. సాయంత్రం అయిదున్నరకు పడమటి ఎండ కాక్టస్‌ల వెనక నుంచి వచ్చినప్పుడు ప్రతి ముల్లు చుట్టూ బంగారు గీత వెలుగుతుంది. పైప్ ఆర్గన్ అనే వాయిద్యం గొట్టాల్లా నేలలోంచే గుంపుగా లేచే ఈ కాక్టస్ అమెరికాలో ప్రధానంగా ఇక్కడే పెరుగుతుంది. మెక్సికో సరిహద్దు కొద్ది మైళ్ళే. ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. పెట్రోలు, సరుకులు ఏహోలో గానీ, వై అనే చిన్న ఊళ్ళో గానీ నింపుకోండి.

శాన్ డియాగో, లాస్ ఏంజిలస్ వైపు ఉండేవాళ్ళు ఆంజా-బొరెగో చూడండి. కాలిఫోర్నియాలో అన్నిటికన్నా పెద్ద స్టేట్ పార్క్, దాదాపు 6 లక్షల ఎకరాలు. కరెంటు కనెక్షన్ ఉన్న క్యాంప్‌గ్రౌండ్, ఉచితంగా ఉండే మట్టి దారులు రెండూ ఒకే పార్కులో ఉన్నాయి. మొదటి రెండు రాత్రులు బొరెగో పామ్ కాన్యన్‌లో కనెక్షన్‌తో ఉండి, ధైర్యం వచ్చాక మూడో రాత్రి బయట ఉండి చూడొచ్చు. నచ్చకపోతే పావుగంటలో ఊళ్ళో ఉంటారు. కొత్తవాళ్ళకు ఇంత వీలు మరెక్కడా లేదు.

డెత్ వ్యాలీని రెండో ట్రిప్‌కు ఉంచండి. సముద్ర మట్టానికి 282 అడుగుల కిందనున్న బ్యాడ్‌వాటర్ ఉప్పు మైదానం జీవితంలో ఒకసారి చూడాల్సిందే. కానీ పడమటి నుంచి వస్తే టౌన్ పాస్ 4,956 అడుగులు ఎక్కి దిగాలి. బ్రేకులు వేడెక్కకుండా తక్కువ గేరులో దిగడం అలవాటై ఉండాలి.

నడక, ఫోను, కాగితాలు

నడకకు తెల్లవారకముందే బయల్దేరి పదింటికల్లా తిరిగి రండి. చలికాలంలో కూడా నేను ఇలాగే చేస్తాను. జేబులో దువ్వెన పెట్టుకోండి. చోయా అనే కాక్టస్ ముక్క బూటుకో పిక్కకో అంటుకుంటే చేత్తో తీయబోయినప్పుడు చేతికీ అంటుకుంటుంది. దువ్వెన పళ్ళను ముక్కకూ చర్మానికీ మధ్య పెట్టి ఒక్క విసురు విసిరితే పోతుంది.

సిగ్నల్ లేని చోటికి శాటిలైట్ మెసెంజర్ తప్పనిసరి. ఐఫోన్ 14, ఆపై వాటిలో శాటిలైట్ ఎస్‌ఓఎస్ ఉంది. అయినా నేను గార్మిన్ ఇన్‌రీచ్ అనే మెసెంజర్ విడిగా పెట్టుకుంటాను, ఫోన్ కిందపడి పగిలితే రెండోది ఉండాలి కదా. నేను రోజూ రాత్రి 8 గంటలకు మెసేజ్ పెడతాను. అప్పుడు గుంటూరులో మర్నాడు పొద్దున 8:30, అమ్మ కాఫీ తాగుతూ ఉంటుంది. "ఒక్కదానివే ఆ ఎడారిలో ఏం చేస్తావమ్మా?" అని మొదటి ఏడాది ఏడ్చింది. ఇప్పుడు మెసేజ్ పది నిమిషాలు ఆలస్యమైతే చాండ్లర్‌లో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేస్తుంది. నేను ఎక్కడ ఆగానో, ఏ ట్రెయిల్‌కు వెళ్తున్నానో వాడి దగ్గర రాసి ఉంటుంది. ఏ టైముకు కబురు రాకపోతే ఎవరికి చెప్పాలో కూడా. మీకూ అలాంటి ఇద్దరు కావాలి.

వీసా మీద ఉన్నవాళ్ళు పాస్‌పోర్టు, ఐ-94 అనే ప్రవేశ నమోదు పత్రం ఎప్పుడూ వెంటే ఉంచుకోండి, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళు ఆ కార్డును. 18 ఏళ్ళు దాటిన విదేశీయులు ఆ పత్రాలు ఒంటి మీద ఉంచుకోవాలన్నది చట్టం. సరిహద్దు దగ్గరి రోడ్ల మీద, ఆర్గన్ పైప్ నుంచి ఉత్తరానికి వచ్చే 85వ నంబరు రోడ్డు సహా, బార్డర్ పట్రోల్ అనే సరిహద్దు గస్తీ దళం ఆపి అడుగుతుంది. పత్రం చూపిస్తే నిమిషంలో పంపేస్తారు. ఇంట్లో మర్చిపోతే ఆ రోజు అక్కడే గడుస్తుంది.

వంట సంగతి ఒక్కమాట. చింతపండు పులిహోర కలిపే గుజ్జు, కందిపొడి, ఆవకాయ, ఒక చిన్న కుక్కర్ ఉంటే వారం గడిచిపోతుంది. తాలింపు పెట్టేటప్పుడు కిటికీ, పైన ఫ్యాన్ తెరిచి ఉంచండి, లేకపోతే మూడు రోజులు దుప్పట్లలో ఇంగువ వాసనే. గిన్నెను కడిగే ముందు కాగితంతో నూనె తుడవండి. ట్యాంకూ కంపు కొట్టదు, నీళ్ళూ సగం మిగులుతాయి. గ్యాస్ పొయ్యినీ హీటర్‌నీ వాడుతున్నారు కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ నొక్కి మోగుతుందో లేదో చూశాకే పడుకోండి.

ఫీనిక్స్‌లో బండి అద్దెకు తీసుకునేవాళ్ళు మొదటి రాత్రే దూరం వెళ్ళొద్దు. మీసా పక్కన యూసరీ మౌంటెన్ రీజినల్ పార్క్‌లో కరెంటు, నీళ్ళ కనెక్షన్‌తో స్థలాలున్నాయి, ముందుగా బుక్ చేసుకోండి. అక్కడ ట్యాంకు పూర్తిగా నింపి, కరెంటు తీసేసి, బ్యాటరీ మీదే ఫ్రిజ్, హీటర్, పంపు నడిపి ఒక రాత్రి పడుకోండి. నా రెండో ట్రిప్‌లో నీళ్ళ మీటర్ నిండుగా చూపించింది, తీరా చూస్తే ట్యాంకులో సగమే ఉన్నాయి. ఊళ్ళోనే ఉన్నాను కాబట్టి పొద్దున్నే బండి వెనక్కి ఇచ్చి ఇంకోటి తెచ్చుకుని, మధ్యాహ్నానికి ఆర్గన్ పైప్ చేరాను.